సి సెంటర్ కన్ను

సినిమా వ్యాపారం ఊళ్లను అక్షరాలతో పిలుస్తుంది. హైదరాబాదు, విశాఖ, విజయవాడ ఏ సెంటర్లు. ఒకప్పటి తాలూకా కేంద్రాలు బి. అంతకంటే చిన్నవి సి. మా మెట్ట కృష్ణాలోని నందిగామ, జగ్గయ్యపేట ఈ లెక్కలో బికీ సికీ మధ్య ఎక్కడో ఉంటాయి. చెప్పే పంపిణీదారును బట్టి అక్షరం మారుతుంది గానీ దాని వెంట వచ్చే తీర్పు మారదు. ఈ ఊళ్ల ప్రేక్షకుడికి అన్నీ విడమరిచి చూపించాలట. కట్లు టపటపా పడుతుండాలట. హీరో కొట్టిన దెబ్బ మూడు కోణాల్లో మూడుసార్లు కనపడాలట. కెమెరా ఒక ముఖం మీద కాసేపు నిలిస్తే మనవాడు సెల్లు తీస్తాడట, లేదా లేచి బయటికి పోతాడట. నిదానంగా నడిచే సన్నివేశాలు, చెప్పకుండా చూపించే కట్లు మల్టీప్లెక్సు వాళ్లకట. నిర్మాతలు కథలు వినేటప్పుడు ఈ మాట అంటారు, దర్శకులు రాజీపడినప్పుడు ఇదే సాకు చెబుతారు. వినీ వినీ మా ఊళ్లవాళ్లు కూడా కొందరు దాన్ని నమ్మేశారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఈ తీర్పు మూలంలోనే తప్పు. తెర మీద చూపు ఎటు పోతుందనేది ప్రేక్షకుడి ఊరును బట్టి ఉండదు, చదువును బట్టీ ఉండదు. కట్‌కు ముందు ఫ్రేములో ఏది ఎక్కడ ఉంది, కట్ తర్వాత ఏది ఎక్కడ తేలింది, ఏది కదిలింది, ఏ ముఖం ఎటు చూసింది అన్నవాటిని బట్టి ఉంటుంది. అది ఎడిటర్ పని. ఆ పని సరిగా జరగని సినిమా ముందు వరసల్లో అర్థం కాకుండా పోతే నింద ముందు వరసల మీద పడుతోంది.

మొదట కంటి సంగతి చూద్దాం. చేయి ముందుకు చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు ఎంత మేర కప్పుతుందో, ఒక క్షణంలో మన కంటికి పూర్తి స్పష్టంగా కనపడేది దాదాపు అంతే. రెటీనా మధ్యనున్న ఫోవియా అనే చిన్న గుంట చలవ అది, సుమారు 2 డిగ్రీలు. మిగతాదంతా మసకే. అందుకే కన్ను సెకనుకు మూడుసార్లు చొప్పున ఒకచోటి నుంచి ఒకచోటికి ఎగురుతూ ఉంటుంది. అలా ఎగిరే ఆ కొద్ది మిల్లీ సెకన్లలో మెదడు చూపును దాదాపు ఆపి ఉంచుతుంది. తెర అంతా చూస్తున్నామనుకుంటాం కానీ అక్కడక్కడా తాకుతూ పోతున్నామంతే. కట్ పడిన ప్రతిసారీ ఆ తాకవలసిన చోటును కొత్తగా వెతుక్కోవాలి.

ముందు షాట్ చివర ఒక తల్లి ముఖం తెరకు ఎడమవైపు ఉంది. తర్వాతి షాట్‌లో ఆమె చూస్తున్న ఉత్తరం కూడా ఎడమవైపే ఉంటే చూపు కదలక్కర్లేదు, చదవడం మొదలుపెట్టేయొచ్చు. కుడివైపు అడుగున ఉంటే వెతకాలి. ఆమె తల తిప్పుతుండగా కట్ చేస్తే ఆ తిప్పిన వైపుకే మన చూపూ బయలుదేరుతుంది, దారిలో కొత్త షాట్ వచ్చి కలుస్తుంది, కట్ పడిందన్న సంగతే తెలియదు. టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ అనే పరిశోధకులు 2008లో సినిమా ముక్కలు చూపించి, కట్ కనపడగానే మీట నొక్కమన్నారు. కట్ల కోసమే కాచుకుని కూర్చున్నవాళ్లు కూడా, కదలిక మధ్యలో పడిన కట్లలో దాదాపు మూడోవంతు పట్టుకోలేకపోయారు.

అదే ఏడాది ఉరి హాసన్, ఆయన సహచరులు మరో ప్రయోగం ప్రచురించారు. వేర్వేరు మనుషులకు ఒకే దృశ్యం చూపిస్తూ వాళ్ల మెదళ్లలో ఎంత భాగం ఒకే తీరున స్పందిస్తుందో కొలిచారు. న్యూయార్కులోని ఒక పార్కును కెమెరా కదపకుండా తీసిన, ఎక్కడా కట్ లేని వీడియోకు మెదడు పైపొర అయిన కార్టెక్సులో 5 శాతం కంటే తక్కువ కలిసింది. సెర్జియో లియోనీ తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'కి 45 శాతం. హిచ్‌కాక్ టీవీ కోసం తీసిన ఒక కథకు 65 శాతం. చూపులు కూడా అలాగే కలిశాయి. కనపడ్డ మనుషులను చిత్రీకరించినంత మాత్రాన చూపులు ఒక చోటికి రావు. ఎవరో కూర్చి, పేర్చి, కత్తిరిస్తే వస్తాయి.

ఆ ప్రయోగాల్లో కూర్చున్నవాళ్లు విదేశీ యూనివర్సిటీల మనుషులు, పుట్టినప్పటి నుంచి తెరలు చూసినవాళ్లు, వాళ్లతో మా సి సెంటర్‌ను పోలుస్తావా అని అడగవచ్చు. దానికీ జవాబు ఉంది. స్టెఫాన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ అనే పరిశోధకులు 2010లో టర్కీ కొండ పల్లెల్లో, అప్పటిదాకా సినిమా అన్నది చూడని పెద్దవాళ్లకు చిన్న చిన్న ముక్కలు చూపించారు. కొన్ని కట్లు వాళ్లకు అందలేదు. కానీ తమ బతుకులో తెలిసిన పని ఒకటి మొదలై, నడిచి, ముగుస్తున్నట్టు కట్ చేసిన చోట మొదటిసారి చూసినా అందింది. అక్షరం రాని, తెర ఎరగని మనిషికి కూడా పని వరస తెగకపోతే కట్ అడ్డు కాలేదు. టూరింగ్ టాకీసులు వచ్చి, అవి పోయి డిజిటల్ తెరలు వచ్చేదాకా మూడు నాలుగు తరాలుగా సినిమా చూస్తున్న నందిగామకు ఏ కట్ అర్థం కాదో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది ఎవరూ పెద్దగా చర్చించని విషయం, లెక్క వేస్తే ఎవరికైనా తేలే విషయం.

40 అడుగుల వెడల్పున్న తెర తీసుకుందాం. ఒక షాట్‌లో చూడవలసినది తెర ఎడమ సగం మధ్యలో ఉంది, కట్ తర్వాత కుడి సగం మధ్యలో ఉంది. రెంటి మధ్య దూరం 20 అడుగులు. బాల్కనీలో 80 అడుగుల దూరాన కూర్చున్నవాడికి ఆ ఎడం 14 డిగ్రీలు, కన్ను ఒక్క గెంతులో దాటేస్తుంది. తెరకు 20 అడుగుల దూరాన, తక్కువ టికెట్టు కొని ముందు వరసలో కూర్చున్నవాడికి అదే ఎడం 53 డిగ్రీలు. 20 డిగ్రీలు దాటిన గెంతుకు సాధారణంగా కన్ను ఒక్కటే కదిలి ఊరుకోదు, మెడ కూడా తిరుగుతుంది. కట్ పడ్డాక కన్ను బయలుదేరడానికే సుమారు 200 మిల్లీ సెకన్లు కావాలి, అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 5 ఫ్రేములు. మెడ తిప్పి, చేరి, కుదురుకునేసరికి మరో నాలుగైదు ఫ్రేములు పోతాయి. ఇవాళ మన ఫైట్లలో 12 ఫ్రేముల షాట్లు సర్వసాధారణం. ముందు వరసవాడికి ఆ షాట్‌లో చూడటానికి మిగిలింది రెండు మూడు ఫ్రేములు. ఆ లోపు మరో కట్ పడి, చూడవలసినది మళ్లీ ఎడమకు పోతుంది.

వాడు అయోమయంగా చూస్తాడు, ఈలలు ఆగుతాయి, సెల్లు తీస్తాడు. హాలు వెనక నిలబడి చూసిన పంపిణీదారు ఫోన్‌లో చెబుతాడు: అక్కడ స్లో అయింది, ఇంకా స్పీడు పెంచమనండి. పెంచుతారు. తర్వాతి సినిమాకు ఆ 12 ఫ్రేములు 9 అవుతాయి. దారి దొరకనివాణ్ణి ఇంకా వేగంగా నడవమనడం ఇది. ముందు వరసల ప్రేక్షకుడి తెలివిని కొలిచామని వాళ్లు అనుకున్నారు, కొలిచింది వాడి మెడ తిరిగే వేగాన్ని.

ఎడిటింగ్ గదిలో ఈ తేడా కనపడదు. ఎడిటర్ ఎదుట 24 అంగుళాల మానిటరు, రెండున్నర అడుగుల దూరం. ఇందాకటి ఎడం అక్కడ 20 డిగ్రీలే, బాల్కనీ లెక్కకు దగ్గర. తన కంటికి హాయిగా ఉన్న కట్ నేల టికెట్టువాడి కంటికి శిక్ష అవుతుందని ఆయనకు తెలిసే దారి లేదు, గుర్తుపెట్టుకుంటే తప్ప. 'అపోకలిప్స్ నౌ'కు పనిచేసిన వాల్టర్ మర్చ్ మనిషి ఆకారంలో చిన్న కాగితపు బొమ్మలు కత్తిరించి తన మానిటరు ముందు నిలబెట్టుకునేవాడు. తెర అసలు పరిమాణంలో మనిషి ఎంత చిన్నగా ఉంటాడో తనకు తాను చెప్పుకోవడానికి. అంత పేరున్న ఎడిటర్‌కు ఆ కాగితపు బొమ్మలు అవసరమయ్యాయి.

మర్చ్ పేరు ఎత్తినందుకు ఆయన లెక్కనే నా మీదికి తిప్పుతారని తెలుసు. మంచి కట్‌కు ఆరు గుణాలు చెప్పి, భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10 ఇచ్చి, చూపు ఎక్కడుందన్నదానికి ఆయన ఇచ్చింది 7 శాతమే. అన్నీ కుదరనప్పుడు ఏది వదులుకోవాలో చెప్పే వరస అది. ఆరూ కలిసి కుదరడమే మేలని ఆయనే అన్నాడు. పైగా కంటనీరు తెర కుడి మూల మెరిసి, కన్ను ఎడమ మూల వెతుకుతూ ఉంటే ఆ 51 శాతం ఏ దారిన లోపలికి వస్తుంది?

మన సమీక్షల తప్పు కూడా తక్కువది కాదు. నూటికి తొంభై సమీక్షల్లో ఎడిటింగ్ గురించి ఒక్క వాక్యమే ఉంటుంది: ఎడిటర్ తన కత్తెరకు మరికాస్త పదును పెట్టాల్సింది. ద్వితీయార్ధం సాగితే కత్తెర తప్పు, నిడివి తగ్గితే కత్తెర గొప్ప. విడుదలైన మూడో రోజున పదిహేను నిమిషాలు తీసేశామని ప్రకటన ఇస్తే అదే ఎడిటింగ్ అని పాఠకుడు అనుకుంటాడు. ఎడిటర్‌ను కొలతల దర్జీగా చూసే ఈ అలవాటు వల్ల, ఏ కట్ దగ్గర చూపు తప్పిపోయిందని అడిగే సమీక్షకుడే లేకుండా పోయాడు. సన్నివేశం పొడవుగా ఉండటం వేరు, కన్నుకు పని లేకుండా ఉండటం వేరు. రెండు నిమిషాల ఒకే షాట్‌లో ఒక చేయి కదలడం, ఒక తల ఎత్తడం, ఒక మాట ఆగడం చూపును పట్టి నడిపించగలవు. పాల్ థామస్ ఆండర్సన్ తీసిన 'దేర్ విల్ బి బ్లడ్'లో బల్ల మీద పటం పరిచి నలుగురు మాట్లాడుకునే పొడుగాటి షాట్ ఉంది. టిమ్ స్మిత్ దాన్ని చూసేవారి చూపులు నమోదు చేస్తే, కట్ ఒక్కటీ లేకపోయినా అందరి చూపూ గుంపుగా ముఖం నుంచి చేతికి, చేతి నుంచి పటానికి నడిచింది. మరోవైపు పదిహేను సెకన్లలో ఇరవై కట్లు పెట్టి చూపును పదిహేను చోట్లకు చెదరగొట్టిన ఫైట్లు మనకు కొల్లలు.

నేను వేగానికి శత్రువును కాను. 2015 నాటి 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' రెండు గంటల సినిమా, అందులో సుమారు 2,700 కట్లు. మార్గరెట్ సిక్సెల్‌కు ఎడిటింగ్‌లో ఆస్కార్ వచ్చింది. అంత వేగంలోనూ కన్ను ఎందుకు అలిసిపోదంటే, దర్శకుడు జార్జ్ మిల్లర్ ముఖ్యమైనది ఏదైనా సరే ఫ్రేము నడిమధ్యన ఉండాలని చిత్రీకరణ నాడే కెమెరామన్‌తో పట్టుబట్టాడు. కట్ ఎన్నిసార్లు పడినా చూపు ఉన్నచోటే ఉంటుంది. ముందు వరసవాడి మెడ తిరగక్కర్లేదు. మన వేగం దగ్గర లేనిది ఆ క్రమశిక్షణే.

చేతగాక లేదని మాత్రం అనను. 2012లో 'ఈగ' వచ్చింది. తెరంతటిలో గోరంత లేని పురుగు కథానాయకుడు. సి సెంటర్ సిద్ధాంతం నిజమైతే ఆ సినిమా మా మెట్టలో మొదటి ఆటకే కూలిపోవాలి. కూలిపోలేదు. విలన్‌గా వేసిన సుదీప్ ఎదుట ఈగ లేకుండానే, అది ఎక్కడుంటుందో అక్కడికి చూపు నిలిపి నటించాడు. మనిషి కళ్లు ఎటు చూస్తే మన కళ్లూ అటు పోతాయి, పసితనం నుంచీ ఉన్న గుణం అది. కోటగిరి వెంకటేశ్వరరావు కట్లు ఆ చూపుల వెంట నడిచాయి. ఈగ ఎక్కడుందని పక్కవాణ్ణి అడిగినవాళ్లు లేరు. ఇంకా వెనక్కి, 1957 నాటి 'మాయాబజార్'కు వెళ్లినా అంతే. ఘటోత్కచుడి విందులో లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి. పళ్లేలు, గంగాళాలు, గుట్టలుగా పిండివంటలు ఉన్న ఫ్రేములో కదిలే లడ్డూ మీదే ఊరంతటి చూపూ ఉంటుంది. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే, ఎడిటర్లు జంబులింగం, కళ్యాణసుందరం ఏ సెంటర్ కోసం తీశారని అడగడానికే అర్థం లేదు.

కదిలేది కన్నును లాగుతుందన్న సూత్రం తెలుగు పల్లెకు సినిమా నేర్పింది కాదు. తోలుబొమ్మలాటలో తెర మీద అయిదారు బొమ్మలుంటాయి. మాట్లాడే బొమ్మనే ఆడిస్తారు, మిగిలినవాటిని తెరకు ముళ్లు గుచ్చి నిలిపేస్తారు. సంభాషణ మారగానే కదలిక మారుతుంది, రాత్రంతా వందల మంది చూపు బొమ్మ నుంచి బొమ్మకు కలిసి నడుస్తుంది. కట్ చేసే పనినే చేతివేళ్లతో చేసిన కళ అది, దాన్ని చూసి పెరిగినవారి మనవలు నేటి ముందు వరసవాళ్లు.

జగ్గయ్యపేటకు ఇంకా పాత సాక్ష్యం ఉంది. ఊరి పక్క ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపంలో మాంధాత అనే చక్రవర్తి శిల్పం దొరికింది, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 1వ శతాబ్దిదని చరిత్రకారుల లెక్క. మాంధాత గొడుగు కింద నిలబడ్డాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, పరివారం. అందరికంటే రాజు పెద్దగా ఉన్నాడు, కన్ను మొదట అక్కడ ఆగుతుంది. ఆయన చేయి పైకి లేచింది, కన్ను చేతి వెంట పైకి పోతుంది. అక్కడ మబ్బు. మబ్బు నుంచి చదరపు నాణేలు రాలుతున్నాయి, వాటితో చూపు కిందికి దిగుతుంది. అలంకారం ఎంత ఉన్నా ఆ శిల్పి ముందు కథ, తర్వాత నగ అన్న వరస తప్పనివ్వలేదు. ఎవరి కోసం చెక్కాడో వాళ్లు చదువుకున్నవాళ్లా కాదా అని ఆలోచించి ఉంటే నాణేలను మూడుసార్లు చెక్కేవాడు.

కలెక్షన్లు చూపించి నోరు మూయించాలనుకునేవాళ్లు ఉంటారు. మొదటి మూడు రోజుల వసూళ్లు హీరోవి, పండుగవి, పెంచిన టికెట్టువి. కట్ల వేగానివని ఎలా విడదీస్తారు? ఆ తర్వాతి వారాలే సాక్ష్యమైతే, 1980లో 'శంకరాభరణం' ఉంది. పేరున్న హీరో లేడు, ఫైటు లేదు, ఎడిటర్ జి.జి. కృష్ణారావు కట్లు పాట ఊపిరిని అనుసరించి పడ్డాయి. ఖాళీ హాళ్లతో మొదలై ఊరూరా నిండింది. 2023లో 'బలగం' వచ్చింది. ఒక చావు ఇల్లు, అలిగిన బంధువులు, పిట్టకు పెట్టిన ముద్ద. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెరలు కట్టి, ఊరంతా కూర్చుని చూసి ఏడ్చారు. పల్లె ప్రేక్షకుడు ముఖం మీద నిలిచిన షాట్‌ను భరించలేడన్న మాట ఆ తెరల ముందు చెప్పగలరా? గరికపాడు దగ్గర పాలేరు దాటితే కోదాడ వైపు నైజాం ఏరియా, ఇవతల కృష్ణా ఏరియా. పంపిణీ హక్కులు ఆ వంతెన దగ్గర మారవచ్చు. కళ్లు మారవు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి, అది నిజం గనుక. చూపు కలిసినంత మాత్రాన అర్థం కలవదు. 2015లో లెస్టర్ లోష్కీ అనే పరిశోధకుడి బృందం జేమ్స్ బాండ్ సినిమా 'మూన్‌రేకర్' నుంచి ఒక ముక్క తీసుకుని, ముందు కథ చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ చూపించింది. తర్వాత ఏం జరగబోతోందో ఊహించడంలో రెండు గుంపులూ వేరయ్యాయి, చూపులు మాత్రం దాదాపు ఒకేలా నడిచాయి. మా ఊళ్ల ప్రేక్షకుడికి ఒక సన్నివేశం పట్టకపోతే కారణం అక్కడ వెతకండి. న్యూజెర్సీ ఫ్లాటులో ఏ అలవాటు ఎందుకు అవమానమో జగ్గయ్యపేట రైతుకు తెలియకపోవచ్చు. కౌలు కాగితం మీద వేలిముద్ర పడ్డప్పుడు గుండె ఎందుకు ఆగుతుందో మల్టీప్లెక్సువాడికి తెలియనట్టే. అది కథ చెప్పేవాడు ముందుగా సమకూర్చవలసిన సమాచారం. దాన్ని కట్ల వేగంతో పూడ్చలేరు.

చూపును ఇలా నడిపించడం ప్రేక్షకుడి స్వేచ్ఛను హరించడమేనని, పొడుగు షాటే నిజాయితీ అని సినిమా విమర్శకుడు ఆంద్రె బజాన్ దారిలో నడిచే మిత్రులు అంటారు. ఆ వాదం మీద నాకు గౌరవం ఉంది. కానీ మెడ నొప్పితో వెతుక్కునేవాడికి దొరికింది స్వేచ్ఛ అని ఎవరూ అనలేరు. అతనికి ముందు తెర అందుబాటులోకి రానివ్వండి.

చేయవలసిన పని కష్టమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. సినిమా లాక్ చేసే ముందు ప్రివ్యూలు హైదరాబాదు ప్రసాద్ ల్యాబ్స్‌లో మెత్తటి కుర్చీల్లో, తెరకు హాయైన దూరంలో వేసుకుంటారు. ఒక్క ఆట నందిగామలోనో జగ్గయ్యపేటలోనో వేయండి. దర్శకులారా, ఎడిటర్లారా, హాలు వెనక నిలబడకండి. మొదటి మూడు వరసల్లో కూర్చోండి. ఫైటు వచ్చినప్పుడు మీ మెడ ఎన్నిసార్లు తిరిగిందో, ఏ షాట్‌లో ఏది చూడకుండానే కట్ పడిందో రాసుకోండి. ఆ సినిమాను తిరిగి తీసుకెళ్లి, ఫ్రేములు తగ్గించకుండా చూపు ఉన్నచోట విషయాన్ని పెట్టి మళ్లీ కట్ చేయండి. అప్పటికీ ముందు వరస కదలకుండా సెల్లులో మునిగి ఉంటే, నా వాదం తప్పని జగ్గయ్యపేటలోనే నిలబడి చెప్పండి, వింటాను.